మూత మీద రాసిన నంబరు

కొత్తగా ప్రయోగశాలలో అడుగుపెట్టే పిల్లలకు నేను ఇవ్వగలిగిన సలహా ఒక్కటే. ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకోవచ్చు. కానీ రిటైరైన మనిషి చేతికి కలమిచ్చి ఒక్క వాక్యంతో ఆపమంటే ఎలా? పైగా నేనిప్పుడు బహ్రెయిన్‌లో నా భార్య వీసా మీద ఉంటున్నాను. పొద్దున్నే ఆవిడ పాఠాలు చెప్పడానికి బడికి వెళ్లిపోతే జుఫైర్‌లోని మా ఫ్లాట్‌లో నా మాట వినేవాళ్లు ఉండరు. కాబట్టి మీరు వినాలి.

నేను ఎలుకల మనిషిని. పట్టేవాణ్ణి కాదు, ఏ ఎలుక ఏ జాతిదో తేల్చేవాణ్ణి. అందులోనూ ఆఫ్రికా కొండల మీది అడవుల్లో ఉండే ఎలుకలు. ఈ మాట చెప్పగానే ఎవరైనా అడిగే ప్రశ్న, ఆఫ్రికా ఎన్నిసార్లు వెళ్లారు అని. ఒక్కసారీ వెళ్లలేదు. ఆ ఎలుకల్లో ఒక్కదాన్ని కూడా ప్రాణంతో చూడలేదు. ఇంట్లో మామూలు చిట్టెలుక కనిపిస్తే కుర్చీ ఎక్కి మా ఆవిణ్ణి పిలుస్తాను.

ఆఫ్రికా వెళ్లింది మా ప్రొఫెసర్ గారు. యూరప్ మనిషి. నలభై ఏళ్లు కొండలెక్కి, మబ్బుల్లో తడిసే అడవుల్లో బోన్లు పెట్టి, వేల ఎలుకలు పోగుచేశారు. మోకాళ్లు అరిగాక బహ్రెయిన్‌లో ఒక చిన్న పరిశోధన కేంద్రం ఆయనకు చోటిచ్చింది. గలాలీ వెళ్లే దారిలో పాత గోదాముకు ఏసీ పెట్టి, అరలు కొట్టించి, అదే కేంద్రమన్నారు. నా ఉద్యోగమూ అక్కడే. చచ్చి మందునీళ్లలో నానుతున్న ఎలుకలు డ్రమ్ముల్లో ఓడ మీద వచ్చాయి. రేవులో తనిఖీ అధికారి ఒక డ్రమ్ము మూత తీయించి, లోపలికి తొంగిచూసి, నా మొహం చూసి, మళ్లీ లోపలికి చూశాడు. ఇంక మిగతా డ్రమ్ములు తెరవమనలేదు. ఖలాస్, తీసుకుపోండి అన్నాడు.

మా పని ఇది. ప్రతి ఎలుక వెనక్కాలికి దారంతో ఒక నంబరు కట్టి ఉంటుంది. నోటుపుస్తకంలో ఆ నంబరు ఎదురుగా ఏ కొండ, ఎంత ఎత్తు, ఏ తేదీ అన్నది రాసి ఉంటుంది. పై నుంచి చూస్తే అన్నీ గోధుమరంగు ఎలుకలే. తేడా తెలిసేది పుర్రెలో, పళ్లలో. మావి కుళ్లకుండా పోసిన ఫార్మలిన్‌లో ఏళ్ల తరబడి నానినవి కనక డీఎన్ఏ సరిగా రాదు. అందుకని పుర్రె బయటికి తీసి, నీళ్లలో నానబెట్టి, సూదితో మాంసం గీకి, కొలతలు తీసుకోవాలి. ఒంటిని మళ్లీ సీసాలో పెట్టాలి. పుర్రె, ఒళ్లు విడిపోయే ఆ కొద్ది రోజులే గండం. అందుకని ఒక నియమం ఉంది. నంబరు పెన్సిలుతో కాగితం మీద రాసి, పుర్రెతోపాటు గిన్నె లోపల వేయాలి. గిన్నె మూత మీద ఎప్పుడూ రాయకూడదు. మూతకు కాళ్లుంటాయి, ఒక గిన్నె మీది నుంచి ఇంకో గిన్నె మీదికి వెళ్లిపోతుంది.

ఈ నియమాన్ని మూడు భాషల్లో రాసి గోడకు అంటించింది నేనే. ఎవరు కొత్తగా చేరినా ఆ కాగితం ముందు నిలబెట్టి అరగంట ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి.

మా దగ్గర ఇంకో ఇద్దరు ఉండేవాళ్లు. ఒకరు ఎమ్మెస్సీ చదివిన తెలుగమ్మాయి. బహ్రెయిన్‌లోనే పుట్టి పెరిగింది. వాళ్ల నాన్న, నేను ఇక్కడి తెలుగువాళ్ల సంఘంలో సభ్యులం కనక చిన్నప్పటి నుంచి నన్ను అంకుల్ అనేది. ఆఫీసులో సార్ అనాలమ్మా అని వందసార్లు చెప్పాను. సరే అంకుల్ అనేది. విదేశంలో పీహెచ్‌డీ సీటు కోసం ప్రయత్నిస్తోంది. రెండో మనిషి జగిత్యాల వైపు నుంచి వచ్చిన నడివయసు ఆయన. కర్జకాన్‌లో నలుగురితో కలిసి గదిలో ఉంటూ మినీబస్సులో డ్యూటీకి వచ్చేవాడు. తుడవడం, సీసాలు కడగడం, అరలు సర్దడం ఆయన పని. బహ్రెయిన్‌ని దుబాయి అనేవాడు. ఇది దుబాయి కాదయ్యా అంటే, "ఏదైతేంది సార్, గాడ గూడ ఎండనే, ఈడ గూడ ఎండనే" అనేవాడు. మా కేంద్రానికి రాకముందు ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ స్టోర్‌లో పదకొండేళ్లు పనిచేశాడు. కూలీలకు హెల్మెట్లు, బూట్లు ఇచ్చే పని. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

రంజాన్ నెల. డ్యూటీ గంటలు తక్కువ. తెప్పించిన గాజు గిన్నెలు ఇంకా ఓడలోనే ఉన్నాయి. ప్రొఫెసర్ గారు ఒక కొండకు సంబంధించిన పన్నెండు ఎలుకల పుర్రెలు త్వరగా కావాలన్నారు. నేను తెలివైనవాణ్ణి కదా, ఎదురుగా కరక్ చాయ్ అమ్మే కొట్టుకు వెళ్లి పన్నెండు కాగితం కప్పులు, వాటి ప్లాస్టిక్ మూతలు అడిగి తెచ్చాను. పుర్రెలు వేశాను, నీళ్లు పోశాను. లోపల వేసే కాగితం ముక్కలు కత్తిరించాలి. కత్తెర కనపడలేదు. ఈ ఒక్క పూటకే కదా అని నంబర్లు మూతల మీద రాసేశాను. గోడ మీది కాగితం నా వీపు వెనకే ఉంది.

సరిగ్గా అప్పుడే మా బోర్డు ఛైర్మన్ గారు చెప్పాపెట్టకుండా వచ్చారు. బల్ల మీద పన్నెండు కరక్ కప్పులు చూసి ఆయన మొహం మాడిపోయింది. ఉపవాసాల నెలలో పట్టపగలు ఆఫీసులో చాయ్ విందు జరుగుతోందనుకున్నారు పాపం. "కాదు సార్, ఎలుకలు, ఎలుకలు" అంటూ గబగబా పన్నెండు మూతలూ తీసి చూపించాను. ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. మనిషి మంచివాడు, ఒక్కో పుర్రెనీ ఆసక్తిగా చూసి ప్రశ్నలు కూడా వేశారు. నేను ఉబ్బితబ్బిబ్బై ఆయన్ని గేటు దాకా సాగనంపడానికి బయల్దేరుతూ, జగిత్యాల ఆయనతో, "యల్లా, తొందరగా మూతలు పెట్టెయ్" అన్నాను. పెట్టేశాడు.

రెండు నెలల తర్వాత కొలతల పట్టికలో ఒక ఎలుక నన్ను కుర్చీలోంచి లేపింది. ఒళ్లు చిన్నది. తోక ఒంటికంటే పొడవు. పాదాలు పొట్టిగా, వెడల్పుగా, చెట్లెక్కే ఎలుకలకు ఉన్నట్టు ఉన్నాయి. తల మాత్రం నేలమీద తిరిగే పెద్ద ఎలుకలకు ఉన్నంత ఉంది. ఇలాంటి జోడింపు ఏ పుస్తకంలోనూ లేదు. ఇంత చిన్న ఒంటికి అంత తల ఎందుకు? నేను రెండు రోజులు ఆలోచించి సిద్ధాంతం తయారుచేశాను. ఆ కొండమీద గట్టి గింజలుంటాయి, అవి కొరకడానికి దవడ పెరిగింది, దవడతోపాటు తల పెరిగింది అని. ఆ కొండమీద గట్టి గింజలు ఉన్నాయో లేదో నాకు తెలియదు. తల పెరిగింది ఎవరికో ఇప్పుడు తెలుసు.

ఆ పన్నెండింటిలోనే ఇంకో ఎలుక ఉంది. పెద్ద ఒంటికి చిన్న తల. దాన్ని తల సరిగా ఎదగని ఎలుక అని రాసి కింది అరలో పెట్టించాను. పక్కపక్క నంబర్లు. ఒకే కొండ, ఒకే రోజు పట్టినవి. ఒకదానికి తల ఎక్కువ, ఒకదానికి తల తక్కువ. మీకు ఈపాటికి అర్థమైపోయింది కదా. నాకు ఏడు నెలలు పట్టింది.

ఇక్కడ మా వృత్తిలోని ఒక మర్యాద చెప్పాలి. కొత్త జాతిని లోకానికి పరిచయం చేసే వ్యాసం రాసినవాళ్లు ఆ జీవికి తమ పేరు తాము పెట్టుకోకూడదు. చట్టమేం లేదు, కానీ నవ్విపోతారు. వేరేవాళ్లు రాసి మన పేరు పెడితే మాత్రం అది గౌరవం. నేను ఆ అమ్మాయిని పిలిచి, "వ్యాసం నువ్వొక్కదానివే రాయి తల్లీ, నా పేరు వద్దు. నీ సీటుకు పనికొస్తుంది" అన్నాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్ల నాన్న ఇంటికొచ్చి చేతులు పట్టుకున్నారు. ప్రొఫెసర్ గారు కూడా, నేను ఎలుకలు పోగుచేశానంతే, రాసేది తనే రాయనీ అని తప్పుకున్నారు. ఆయనది నిజంగా పెద్ద మనసు. నేను మాత్రం ఒక వారం ఆగి, ఏ పేరు పెడదామనుకుంటున్నావమ్మా అని అడిగి, గోడకేసి చూస్తూ నిలబడ్డాను. "ఇంకేం పేరు అంకుల్, మీ ఇంటిపేరే" అంది. అయ్యో, ఎందుకులే అన్నాను. రెండోసారి మాత్రం అనలేదు.

జర్నల్ వాళ్లు వ్యాసాన్ని ఒప్పుకున్నారు. ఆ కబురు మా తెలుగువాళ్ల సంఘానికి చేరింది, చేర్చింది నేనే. చలికాలంలో వార్షికోత్సవం పెట్టి నాకు శాలువా కప్పారు. వ్యాఖ్యాత మైకులో, ఆఫ్రికా కీకారణ్యాల్లో ప్రాణాలకు తెగించి కొత్త ఎలుకను కనిపెట్టిన మన తెలుగు బిడ్డ అన్నాడు. దిద్దుదామని నోరు తెరిచాను. చప్పట్లు మొదలయ్యాయి, మూసేశాను.

శాలువా కప్పిన మూడో వారం. గురువారం మధ్యాహ్నం. అచ్చుకు ముందు దిద్దడానికి ప్రూఫులు వచ్చాయి. వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారంకల్లా పంపాలి. అమ్మాయికి పీహెచ్‌డీ ఇంటర్వ్యూ కూడా అదే సోమవారం. ఆ పన్నెండు సీసాలనూ వాటి పుర్రెలతో సహా కొత్త అరలోకి సర్దమని జగిత్యాల ఆయనకు చెప్పాను. ఒక సీసా పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"సార్, ఒక్క మాట. కోపానికి రావద్దు."

"ఏంటో చెప్పు."

"గీ మనిషికి గా హెల్మెట్ పట్టది సార్."

"మనిషేంటి, హెల్మెట్టేంటి?"

"గదే సార్, గీ ఎలుక. నేను పదకొండేండ్లు హెల్మెట్లు పంచిన. మనిషి భుజాలు జూస్తె ఏ సైజు పడ్తదో చెప్తా. గీని మెడకు గంత తల నిలువది. కింది అరల ఇంకోడున్నడు, గాని తల గీనికి, గీని తల గానికి పెట్టుండ్రి. సరిగ్గ కూసుంటయి."

నీకేం తెలుసని కసిరాను. చదువు, అనుభవం, కొత్త జాతి అంటూ ఏదేదో చెప్పాను. "సరే సార్, నాకేం ఎర్క" అని చీపురు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక తలుపేసి, కింది అరలోని సీసా తెచ్చుకున్నాను. మెడలోని మొదటి ఎముక పుర్రె వెనకాల ఉన్న రెండు బుడిపెలకు అతుక్కుని ఉంటుంది. పట్టకారుతో చిన్న ఒంటి మెడలోని ఆ ఎముక పట్టుకుని నా కొత్త జాతి పుర్రెకు ఆనించాను. బుడిపెలు అందులో పట్టలేదు. పుర్రెలు మార్చి ఆనించాను. రెండూ పెట్టెకు మూత పట్టినట్టు పట్టేశాయి. ఎప్పటి నుంచో అందరికీ తెలిసిన రెండు మామూలు ఎలుకలు నా బల్ల మీద ఉన్నాయి. కరక్ కప్పులు, ఛైర్మన్ గారు, యల్లా అన్న నా గొంతు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

వెంటనే వెళ్లి చెప్పాను అని రాస్తే బాగుండేది. చెప్పలేదు. పది రోజులు నోరు మెదపలేదు.

ఆ పది రోజుల్లో నా బుర్ర ఎంత చురుగ్గా పనిచేసిందో, ఉద్యోగ జీవితమంతా అలా పనిచేసి ఉంటే నేను నిజంగానే ఏదో ఒకటి కనిపెట్టేవాణ్ణి. ఎవరు చూడొచ్చారు? మళ్లీ ఆ సీసాలు తెరిచేదెవరు? అమ్మాయి సీటు పోతుంది కదా, ఆ పిల్ల కోసమే ఊరుకుంటున్నాను. ఇలా నాకు నేను చెప్పుకునేవాణ్ణి. నిజం వేరు. నాకు శాలువా గుర్తొచ్చేది. లాటిన్ పేరు చివర నా ఇంటిపేరు కనపడేది. వ్యాసంలో నా పేరు లేదు. ఎప్పుడైనా ఎవరైనా ఈ తప్పు పట్టుకుంటే మునిగేది ఆ పిల్ల ఒక్కతే, అదీ జీవితాంతం. నేను ఒడ్డున నిలబడి అయ్యో అంటాను. ఈ ఆలోచన వచ్చిన రోజు అన్నం సయించలేదు. ఏమైందండీ అని మా ఆవిడ అడిగితే గ్యాస్ అని చెప్పాను. రెండు రోజులు మజ్జిగన్నమే పెట్టింది.

ఆదివారం వచ్చింది. మర్నాడే ప్రూఫులు పంపాలి, మర్నాడే ఇంటర్వ్యూ. పొద్దున్న అమ్మాయి నా గదిలోకొచ్చి, "అంకుల్, ఇంటర్వ్యూలో ఫస్ట్ క్వశ్చన్ మన ఎలుక గురించే అడుగుతారట. తల అంత పెద్దగా ఎందుకుందో మళ్లీ ఒకసారి చెప్పరా? మీరు చెప్తే నాకు ధైర్యంగా ఉంటుంది" అంది.

గట్టి గింజల గురించి మొదలుపెట్టాను. నా నోట్లోంచి వస్తున్న మాటలు నాకే వినిపించాయి. సగంలో ఆగిపోయాను. ప్రొఫెసర్ గారిని పిలుచుకు రమ్మన్నాను.

ఇద్దరి ముందూ రెండు సీసాలు పెట్టి మెడ ఎముకలు పుర్రెలకు ఆనించి చూపించాను. మార్చి చూపించాను. కరక్ కప్పుల మూతలు తారుమారైన సంగతి చెప్పాను. ప్రొఫెసర్ గారు కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, తనే ఒకసారి ఆనించి చూశారు. మూతలు ఎవరు పెట్టారు అని అడిగారు.

జగిత్యాల ఆయన గుమ్మం దగ్గర నేల తుడుస్తున్నాడు. ఆ ప్రశ్న అర్థమైందేమో, తుడవడం ఆపాడు. ఆయన వైపు నా కళ్లు వెళ్లలేదంటే అబద్ధం. వెళ్లాయి. పెట్టింది ఆయనే కదా, అది నిజమే కదా అని కూడా అనిపించింది. ఒక మాట అంటే చాలు, వీసా ఇచ్చిన కఫీల్ ఆయన్ని ఆ వారమే విమానం ఎక్కించేవాడు.

"నేను. మూతల మీద రాసింది నేను, తీసింది నేను, పెట్టించింది నేను" అన్నాను. "తప్పు పట్టుకుంది మాత్రం ఆయన."

అమ్మాయి సీసాల వైపు చూడటం లేదు. నా వైపు చూస్తోంది.

"ఎప్పుడు తెలిసింది అంకుల్?"

ఇవాళే అని చెప్పే అవకాశం అప్పటికీ ఉంది.

"పది రోజులైందమ్మా."

"పది రోజులా?" ఆ పిల్ల గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేది. "తప్పు ఎవరైనా చేస్తారు. నేను చెయ్యనా? కానీ ఆ పేపర్‌లో మీ పేరు లేదు. నా పేరే ఉంది. నా పేరొక్కటే ఉంది. పది రోజులు నన్ను చూస్తూ కూర్చున్నారు."

కుర్చీ ఖాళీ చేసి పక్కకు జరిగాను.

అక్కడే నా బల్ల దగ్గరే కూర్చుని వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని జర్నల్‌కి ఉత్తరం టైపు చేసింది. మధ్యలో ఆగింది. నా పొరపాటు అని రాయి తల్లీ అన్నాను. "పేపర్‌లో లేని మనిషి పొరపాటని ఎలా రాస్తాను?" అంది. మా పొరపాటు అని రాసి పంపేసింది. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "వస్తాను సార్" అంది.

ఎన్నేళ్లు అడిగి పిలిపించుకోవాలనుకున్న పిలుపో. అంత దెబ్బ ఎవరూ కొట్టలేదు నన్ను.

మర్నాడు ఇంటర్వ్యూలో జరిగింది జరిగినట్టు చెప్పిందట. ఆ ఏడు సీటు రాలేదు. వాళ్ల నాన్న నాతో మాట్లాడటం మానేశారు. నేను శాలువా తీసుకుని సంఘం కార్యదర్శి ఇంటికెళ్లాను. ఆయన నేను చెప్పిందంతా విని, "శాలువాలు వెనక్కి తీసుకునే పద్ధతి మనకు లేదండీ" అన్నాడు. అది ఇప్పుడు మా ఆవిడ కుట్టుమిషను మీద కప్పి ఉంది. జగిత్యాల ఆయన మాత్రం ఒకరోజు సీసాలు తుడుస్తూ, "అప్పుడు నా పేరు చెప్తరనుకున్న సార్" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. ఆ తర్వాత కొత్త సీసా ఏది వచ్చినా ముందు ఆయనకే చూపించేవాణ్ణి. నాలుగుసార్లు తప్పు చెప్పాడు. నేను మానలేదు.

ఆ పిల్ల ఊరుకోలేదు. మా దగ్గర ఇలాంటి తారుమారు జతలు ఇంకెన్ని ఉన్నాయో చూస్తానని ఏడాదిపాటు ప్రతి సీసా తెరిచి, ప్రతి పుర్రెనూ దాని మెడకు ఆనించి చూసింది. మూడు జతలు దొరికాయి. నావి కావు, ప్రొఫెసర్ గారి పాతకాలపువి. ఆయన పగలబడి నవ్వి, నాతో చెయ్యి కలిపారు. ఆ మూడు జతల్లో ఒక ఎలుకకు సొంత తల పెట్టి చూస్తే, అది నిజంగానే ఏ పుస్తకంలోనూ లేని ఎలుక. ఈసారి మెడా తలా అన్నీ సరిపోయాయి. ఆ పిల్ల దానికి కొండ పేరు పెట్టింది. మనిషి పేరు పెట్టలేదు. ఆ వ్యాసంతో సీటొచ్చింది, వెళ్లిపోయింది. వెళ్లేరోజున కూడా సార్ అనే అంది.

ఆ తర్వాత ఆరేడేళ్లకు నేను రిటైరయ్యాను. ఏడాదిన్నరగా నా ఫోన్‌కి బ్యాంకు వాళ్లు, మా ఆవిడ తప్ప ఎవరూ మెసేజీ పెట్టరు. పోయిన నెల ఒకటి వచ్చింది. ఆ పిల్లకు ఇప్పుడు సొంత ప్రయోగశాల ఉంది. ఫొటో పంపింది. గోడ మీద నియమాల కాగితం, అందులో మొదటిది మూత మీద రాయకూడదని. కింద నాలుగు ముక్కలు రాసింది:

"అంకుల్, మా ల్యాబ్‌లో ఎవరైనా మూత మీద నంబరు రాయబోతే మీ ఇంటిపేరు పెట్టి అరుస్తాం. నా స్టూడెంట్స్‌కి అది మనిషి పేరని కూడా తెలీదు, ఆ తప్పు పేరే అదనుకుంటున్నారు. కోపం లేదుగా?"

మొదటి మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. సాయంత్రం మా ఆవిడ బడి నుంచి వచ్చేసరికి ఇంకా ఫోన్ పట్టుకునే కూర్చున్నాను. మళ్లీ గ్యాసా అని అడిగింది.

కాదన్నాను.